లాప్‌టాపు కొనుటకు ముందు

ప్రతి సంవత్సరము ప్లస్ టూ ఫలితములు వెలువడిన వారము దినములలో, మా యొద్ద పదవ తరగతి వఱకు చదివి వెళ్లిన పిల్లల తల్లిదండ్రులు కొందఱు మరల మా పాఠశాల వరండాకు వత్తురు. ఏ కళాశాల మంచిది, ఫీజు ఎంత, బస్సు పాసు దొరకునా యను ప్రశ్నలు పూర్వమునుండి యున్నవే. ఈ కొలది సంవత్సరములుగా వానికి మఱియొకటి చేరినది: "సార్, ఏ లాప్‌టాప్ కొనమంటారు?" భౌతికశాస్త్రము చెప్పువారము గనుక ఆ ప్రశ్న తఱచుగా మా వంతునకే వచ్చుచున్నది.

గత వేసవిలో వచ్చిన తండ్రి యొకరు కోవిల్‌పట్టికి దగ్గఱి గ్రామమున నల్లరేగడి నేలలో మినుము, ప్రత్తి పండించు రైతు. కుమార్తెకు విరుదునగరమున బి.ఎస్సీ. కంప్యూటర్ సైన్సులో చోటు దొరకినది. అంగడివారు వ్రాసి యిచ్చిన చీటీ యొకటి ఆయన చేతిలో నుండెను. అందు రెండు లాప్‌టాపుల పేర్లు, ధరలు కలవు. రెండవదానికి 20 వేల రూపాయలు అధికము.

"దీంట్లో గ్రాఫిక్స్ కార్డు వేరేగా ఉందంట సార్. కంప్యూటర్ చదివే పిల్లకి ఇదే కావాలని అంగడాయన చెప్పినాడు. ఆ 20 వేలు వడ్డీకి తేవాల. మీరు తెమ్మంటే తెస్తాను" అని ఆయన అనెను.

బాలిక యేమియు పలుకలేదు. ఆమె తమ్ముడు మాత్రము వెనుక నిలిచి, "అదే కొందాం నాయనా" అని రెండు మాఱులు అనెను. వాని యాలోచన చదువును గూర్చినది కాదని వేఱుగా చెప్పనక్కఱలేదు.

మేము బాలికను అడిగితిమి: "కాలేజీకి రోజూ ఎట్లా పోతావమ్మా?"

"రైల్లో సార్. పొద్దున పోయి సాయంత్రం వస్తాను."

"క్లాసులో ప్లగ్గు ఉంటుందా?"

"ల్యాబ్‌లో ఉంటుందంట సార్. క్లాసులో ఉండదంట."

కోవిల్‌పట్టి నుండి సాత్తూరు మీదుగా విరుదునగరమునకు సుమారు 50 కిలోమీటర్లు. ఉదయము ఇల్లు విడిచిన పిల్ల దీపాలవేళకు గాని ఇల్లు చేరదు. నడుమ నున్న గంటలలో చాలవఱకు లాప్‌టాపునకు ఆధారము దాని బ్యాటరీయే. కావున ఆ తండ్రి యడుగవలసిన ప్రశ్న "ఏది బలమైనది?" యని కాదు, "ఏది సాయంకాలము వఱకు నిలుచును?" అని. ఈ రెండు ప్రశ్నలకు జవాబు ఒక్కటి కాకపోవుటకు ముఖ్యకారణము ఆ గ్రాఫిక్స్ కార్డే. అంగడిలో ఈ మాట చెప్పువారు అరుదు గనుక దీనిని ఇచ్చట కొంచెము విపులముగా వ్రాయుచున్నాము.

గ్రాఫిక్స్ అనగానే మన పిల్లలకు ఆటలలోని కార్లు, పేలుళ్లు గుర్తునకు వచ్చును. నిజమునకు తెరపై ఒక్క అక్షరము కనబడవలెనన్నను గ్రాఫిక్స్ పని జరుగవలసినదే. నేటి సాధారణమైన తెరపై అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. గుణించి చూడుడు, 20,73,600 చుక్కలు. వానిలో ప్రతిదానికి ఏ రంగు వేయవలెనో తెలిపెడి చిత్రమును సెకనుకు 60 పర్యాయములు తెరకు అందించుచుండవలెను. తెలుగు 'అ' యైనను, ఆటలోని గుఱ్ఱమైనను ఈ నియమము సమానమే. భేదమెక్కడ ననగా, అక్షరము ఒకసారి గీసిన పిదప కదలక నిలుచును. దానిని మరల లెక్కింప నవసరము లేదు. ఆటలో నన్ననో, గుఱ్ఱము పరుగెత్తిన కొలది దాని ప్రతి భాగము యొక్క స్థానము, వెలుగు, నీడ క్షణక్షణము క్రొత్తగా లెక్కకు వచ్చును.

ఈ పనిని చేయుటకు లాప్‌టాపులలో రెండు విధములైన ఏర్పాట్లు కలవు. మొదటిది ప్రాసెసర్‌లోనే ఇమిడియుండు గ్రాఫిక్స్. దానికి వేఱుగా మెమరీ లేదు. యంత్రమునకున్న ర్యామ్‌లోనే కొంత వాడుకొనును. పలుచని లాప్‌టాపులలో ఈ గ్రాఫిక్స్‌తో కూడిన ప్రాసెసర్ అంతయు కలిసి సాధారణముగా 15 వాట్ల తరగతికి చెందినదిగా నుండును. రెండవది, దీనికి తోడుగా వేఱొక చిప్పు. దానికి తన మెమరీ, తన విద్యుత్ సరఫరా, తన ఫ్యాను వేఱుగా నుండును. ఎన్విడియా వారి ఆర్‌టీఎక్స్ 4050 అను లాప్‌టాపు చిప్పునే తీసికొన్నచో, దాని తయారీదారులు ప్రకటించిన శక్తి పరిమితి 35 నుండి 115 వాట్లు. ప్రాసెసర్ వాడునది దీనికి వేఱు.

ఇంట ప్రతిదినము వాడు పొయ్యి యొకటి, పెండ్లి వంటకు పెరటిలో త్రవ్విన గాడిపొయ్యి యొకటి యుండునని తలంపుడు. ఇన్నూఱు మందికి సాంబారు కాగవలెనన్న గాడిపొయ్యి కావలసినదే. ఒక లోటా పాలు కాచుటకు దానిని రగిలించినచో పాలు కాగును గాని కట్టెలు మిగులవు. పిచ్చుకపై బ్రహ్మాస్త్రమను మన సామెత యిచ్చట చక్కగా సరిపోవును.

ఇక కట్టెల మాట. బ్యాటరీలో నిలువయుండు శక్తిని వాట్-గంటలలో కొలుతురు. 50 వాట్-గంటల బ్యాటరీ యున్నదనుకొందము. యంత్రమంతయు కలిసి 8 వాట్లు వాడుచుండిన 6 గంటల 15 నిమిషములు నిలుచును. 20 వాట్లు వాడుచుండిన రెండున్నఱ గంటలు. 80 వాట్లు వాడినచో నలువది నిమిషములు కూడ నిండవు. ఇది కేవలము భాగహారము. బ్యాటరీనే రెండింతలు పెద్దదిగా చేయరాదా యని మా తరగతిలో నొక బాలుడు అడిగెను. మంచి ప్రశ్నయే. విమానములలో అనుమతి లేకుండ ప్రయాణికుడు వెంట తీసికొనిపోదగిన లిథియం బ్యాటరీ 100 వాట్-గంటలకు మించరాదను నియమము కలదు. అందుచే ఎంత బలమైన లాప్‌టాపైనను తయారుచేయువారు దాదాపు ఆ గీతవద్దనే ఆగిపోవుదురు. గ్రాఫిక్స్ బలము పదింతలు పెరిగినను బ్యాటరీ పదింతలు పెరుగదు.

అంగడివారికి న్యాయము చేయవలెనన్న వారి పక్షమున చెప్పవలసిన మాట యొకటి కలదు. పని లేనప్పుడు ఆ వేఱు చిప్పు నిద్రించునని వారు చెప్పుదురు. అది అసత్యము కాదు. 2010వ సంవత్సరమున ఎన్విడియా వారు ఆప్టిమస్ అను ఏర్పాటును ప్రవేశపెట్టిరి. అంతకు పూర్వము రెండు గ్రాఫిక్సులున్న కొన్ని లాప్‌టాపులలో ఒకదాని నుండి మఱొకదానికి మారవలెనన్న పని అంతయు మూసివేసి, మరల లాగిన్ కావలసి యుండెను. కావున ఎవ్వరును మార్చెడివారు కారు. ఆప్టిమస్‌లో తెరకు చిత్రము పంపు పని లోపలి గ్రాఫిక్స్‌దే. బరువైన పని వచ్చినప్పుడు వేఱు చిప్పు మేల్కొని, చిత్రమును తయారుచేసి, లోపలిదానికి అందించును. పని ముగియగానే దానికి కరెంటు ఆగిపోవును. మెచ్చుకొనదగిన ఏర్పాటే.

కాని ఆ నిద్ర మిక్కిలి తేలిక నిద్ర. ఈ సంగతిని మేము పుస్తకములో చదివి చెప్పుట లేదు. సంక్రాంతి సెలవులకు వచ్చిన మా పూర్వవిద్యార్థి యొకడు ఇంజనీరింగ్ చదువుచున్నాడు. అతని లాప్‌టాపులో రెండు గ్రాఫిక్సులును కలవు. "బ్యాటరీ రెండు గంటలకు మించదు సార్, చెడిపోయిందేమో" అని తెచ్చి చూపెను. తెర వెలుతురు మార్చకుండ, స్కాను చేసిన తెలుగు పుస్తకము నొకదానిని తెఱచి యుంచి, టాస్క్ మేనేజరును చూచితిమి. అందు గ్రాఫిక్స్ రెండును వేర్వేఱుగా కనబడును. పుస్తకము చదువుటకు ఏ మాత్రము అక్కఱలేని వేఱు చిప్పు మేల్కొనియే యున్నది. ఆటలను దింపుకొనుటకు పెట్టుకొన్న ప్రోగ్రాము యంత్రముతో పాటు తానును లేచి, వెనుక కూర్చుండి, దానిని నిద్రపోనీయుట లేదు. ఆ ప్రోగ్రామును ఆపి, కొంతసేపు వేచి చూడగా బ్యాటరీ మిగులు కాలము ఇంచుమించు రెండింతలైనది. బ్యాటరీ చెడలేదు. ఇల్లెవరో తెలియని అతిథి భోజనము చేయుచుండెను.

అతని యంత్రములోనే మఱియొక విషయము చూచితిమి. మా పాఠశాల ప్రొజెక్టరునకు తీగ తగిలింపగానే ఆ చిప్పు మరల లేచినది. ఇట్టి లాప్‌టాపులలో పెక్కింట హెచ్.డి.ఎం.ఐ. రంధ్రము తిన్నగా వేఱు చిప్పునకే కలుపబడియుండును. తెరపై చూపునది తెల్లని పుటయే యైనను, ఆ తీగ యున్నంతసేపు దానికి విశ్రాంతి లేదు. పాఠములు చెప్పు ఉపాధ్యాయులు దీనిని గుర్తుంచుకొని, ప్రొజెక్టరు వాడునప్పుడు చార్జరును కూడ తగిలించుకొనుట మేలు.

పని లేకున్నను మేల్కొనియున్న చిప్పు శక్తిని ఏల వాడును? పదవ తరగతి పిల్లలు అర్థము చేసికొనగలిగినదే. చిప్పులో కోట్లకొలది అతిచిన్న స్విచ్చులు కలవు. స్విచ్చు మారిన ప్రతిసారి కొంత శక్తి వ్యయమగును. ఆ వ్యయము వోల్టేజి యొక్క వర్గమునకును, సెకనుకు ఎన్ని మాఱులు మారునో ఆ సంఖ్యకును అనులోమానుపాతమున నుండును. మారని స్విచ్చులనుండి కూడ, సరిగా మూయని కుళాయి నుండి నీరువలె, కొంచెము కొంచెముగా కరెంటు జాఱుచునే యుండును. చిప్పు ప్రక్కనున్న మెమరీని కూడ మఱచిపోకుండునట్లు మాటిమాటికి తట్టి లేపుచుండవలెను. ఇవన్నియు కలిసి కొన్ని వాట్లగును. ఎనిమిది వాట్లతో నడచు యంత్రమునకు ఆ కొన్ని వాట్లే పెద్ద భారము.

ఈ సూత్రములోనే ఉపాయము కూడ నున్నది. వేగమును సగము చేసి, దానితో పాటు వోల్టేజిని నూటికి ఇరువది వంతులు తగ్గింపగలిగితిమనుకొనుడు. వ్యయము 0.5 × 0.8 × 0.8, అనగా 0.32. పని సగమైనది, ఖర్చు మూడవ వంతునకు దిగినది. అందుచేతనే బ్యాటరీపై నడచునప్పుడు యంత్రము తనంతట తాను వేగము తగ్గించుకొనును. ఆటల కొఱకు అధికధర పెట్టి కొన్న లాప్‌టాపు, చార్జరు తీసిన వెంటనే మందగించుటకు కారణమిదియే. బ్యాటరీ అంత కరెంటును ఒక్కసారిగా ఈయజాలదు. ఇచ్చినను గంటసేపు నిలువదు.

ఇప్పటికే అట్టి లాప్‌టాపు ఇంట నున్నవారు విచారింప నక్కఱలేదు. విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ అను వరుసలో వెళ్లినచో ప్రతి ప్రోగ్రామునకు వేర్వేఱుగా పవర్ సేవింగ్ లేక హై పెర్ఫార్మెన్స్ అని నిర్ణయింపవచ్చును. బ్రౌజరును, పుస్తకములు చదువు ప్రోగ్రామును, టైపు చేయుదానిని మొదటి దానిలో నుంచుడు. కొన్ని యంత్రములలో వేఱు చిప్పు మాత్రమే తెరను నడుపునట్లు చేయు అమరిక యుండును. ఆటలకు మంచిదని పిల్లలు దానిని ఎంచుకొని మఱచిపోవుదురు. అట్లు చేసిన పిదప బ్యాటరీని గూర్చి ఫిర్యాదు చేయుట తగదు. తెరను సెకనుకు 144 పర్యాయములు మార్చు యంత్రమైనచో బ్యాటరీపై నున్నప్పుడు దానిని 60కి దింపుడు. వెలుతురు తగ్గించుటను గూర్చి వేఱుగా చెప్పనేల, మన అమ్మలు ఆ మాట దినమునకు పది సార్లు చెప్పుచునే యున్నారు.

ఆ రైతు సంగతి ముగింపవలసియున్నది. బాలిక చేరునది ప్రోగ్రాములు వ్రాయు చదువు. సి, పైథాన్ భాషలలో మొదటి సంవత్సరములలో వ్రాయు ప్రోగ్రాములకు వేఱు గ్రాఫిక్స్ కార్డు అక్కఱలేదు. మొదటి లాప్‌టాపునే తీసికొని, 8 జీబీ ర్యామును రెండు కడ్డీలుగా 16 జీబీ చేయించుమని చెప్పితిమి. లోపలి గ్రాఫిక్స్ యంత్రపు ర్యామునే వాడుకొనును గనుక, రెండు కడ్డీలున్నచో దానికి రెండు త్రోవలు తెఱచినట్లగును. వడ్డీకి తేవలసిన సొమ్ము చాలవఱకు తగ్గెను. తమ్ముడు మాతో నేటికిని మాటలాడుట లేదు.

వేఱు కార్డు ఎవ్వరికిని అక్కఱలేదని మా యభిప్రాయము కాదు. యంత్రభాగములను త్రివిధ పరిమాణములలో గీయు మెకానికల్ విద్యార్థికి, భవనముల నమూనాలు తయారుచేయువారికి, వీడియోలు కూర్చుట వృత్తిగా గలవారికి, కృత్రిమ మేధ నభ్యసించువారికి అది పనిముట్టు. కమ్మరికి సమ్మెట వలదనుట మూర్ఖత్వము. అట్టివారు చార్జరును మోయుటకును, ప్లగ్గు ప్రక్కన కూర్చుండుటకును సిద్ధపడియే కొనవలెను. కొనుటకు ముందు చార్జరు వెనుక వ్రాసిన సంఖ్యలను చూచినను సంగతి తెలియును: 20 వోల్టులు, 2.25 ఆంపియర్లు అని యున్నచో గుణింపగా 45 వాట్లు. 20 వోల్టులు, 11.5 ఆంపియర్లు అని యున్నచో 230 వాట్లు. అంగడివాని మాటకంటె ఈ గుణకారము నమ్మదగినది. ఆ చార్జరు బరువు కూడ చేతితో చూచుకొనుడు. రైలులో మోయవలసినది పిల్లలే గదా.

ఈ ప్రాంతమున బ్యాటరీ విలువ తెలిసినవారికి తెలియును. 2011వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన ప్రభుత్వ, ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలల, కళాశాలల విద్యార్థులకు ఉచిత లాప్‌టాపుల పథకము మన రాష్ట్రమున ప్రారంభమైనది. ఆ మఱుసటి సంవత్సరము కరెంటు కోతల సంవత్సరము. జిల్లాలలో దినమున సగమునకు మించి కరెంటు లేని దినములుండెను. లాప్‌టాపు ఉచితముగా వచ్చెను, దానిని నింపు కరెంటు రాలేదు అని పెద్దలు నవ్వుకొనిరి. ఆ యంత్రములలో నుండినది లోపలి గ్రాఫిక్స్ మాత్రమే. వానిని తక్కువరకమని వెక్కిరించిన వారుండిరి. అయినను రాత్రి దీపము లేని యింట ఆ చిన్న తెర వెలుగులోనే పాఠములు చదివిన పిల్లలను మేమెఱుగుదుము. ఆ యంత్రములో గాడిపొయ్యి యుండియుండినచో వారి చదువు తొమ్మిది గంటలకే ముగిసియుండును.

నేడు అట్టి కోతలు లేవు. ఐనను నెలకొకసారి ఉపకేంద్రములో నిర్వహణ పనులని ఉదయము నుండి కొన్ని గంటలపాటు కరెంటు నిలుపుచుందురు. ఆ దినమే ఎవరి లాప్‌టాపు ఎట్టిదో బయటపడును.

మన పిల్లలకు ఈ గంటలు మఱియొక విధముగా కూడ విలువైనవి. కోవిల్‌పట్టిలో గాని, విరుదునగరములో గాని తెలుగు పుస్తకము కొనదలచిన పిల్ల ఎచ్చటికి పోవలెను? పాఠ్యపుస్తకము దాటిన తెలుగు, నేడు మన పిల్లలకు ఎక్కువగా తెరపైననే దొరకుచున్నది. 2003వ సంవత్సరమున ఆరంభమైన తెలుగు వికీపీడియా, దాని తోబుట్టువైన వికీసోర్స్, స్కాను చేసి యుంచిన వేలకొలది పాత తెలుగు పుస్తకములు అన్నియు ఇంటర్నెట్టులో ఉచితముగా నున్నవి. రాత్రి దించుకొని, మఱునాడు రైలులో ఇంటర్నెట్టు లేకుండనే చదువుకొనవచ్చును. అట్టి పుట యొకటి తెఱచినచో మరల త్రిప్పువఱకు గ్రాఫిక్స్‌నకు దాదాపు పని లేదు. లాప్‌టాపుతో చేయు పనులలో ఇంత తక్కువ కరెంటు తీసికొనునవి కొన్నియే కలవు.

కరెంటు బిల్లును గూర్చి తల్లులు అడుగుచుందురు. 15 వాట్లతో దినమునకు నాలుగు గంటలు వాడినచో రెండు నెలలకు 3.6 యూనిట్లు. 150 వాట్లతో అంతే సేపు ఆటలాడినచో 36 యూనిట్లు. 2016వ సంవత్సరమున మన రాష్ట్రమున గృహములకు రెండు నెలలకు మొదటి 100 యూనిట్లు ఉచితము చేయబడినది. ఆటలాడు కుమారుడు ఆ నూటిలో మూడవ వంతునకు పైగా తానొక్కడే తినివేయును.

చివరగా, బ్యాటరీ ఎంత మిగిలియున్నదో కనుగొను విధము. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెఱచి, ఇంగ్లీషు అక్షరములతో 'పవర్' అను మాటను, దానికి ఆనించి సి, ఎఫ్, జి అను మూడక్షరములను వ్రాసి, ఒక్క యెడము విడిచి, వాలుగీత పెట్టి, 'బ్యాటరీ రిపోర్ట్' అను మాటలను కలిపి వ్రాసి ఎంటర్ నొక్కుడు. యంత్రము ఒక పట్టిక తయారుచేసి, దానిని ఎచ్చట దాచినదో చెప్పును. అందు డిజైన్ కెపాసిటీ యని మొదట నుండిన శక్తి, ఫుల్ చార్జ్ కెపాసిటీ యని ఇప్పుడు పట్టు శక్తి, రెండును కనబడును. వేడి బ్యాటరీకి శత్రువు గనుక మన యెండలలో ఆటలాడిన లాప్‌టాపులకు రెండవ సంఖ్య త్వరగా తగ్గును. పట్టిక అర్థము కాని పిల్లలు దానిని ముద్రించి తీసికొని రండు. శనివారము మధ్యాహ్నము మేము ప్రయోగశాలలో నుందుము.